క్రూజ్ పోలేదు, ముందు బ్రేక్ పెడల్ దగ్గర చూడండి

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది అనంతపురం. నా దగ్గర 2012 మోడల్ డీజిల్ సెడాన్ ఉంది, మాన్యువల్ గేర్లు. మూడేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. లక్షా నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. పాప బెంగళూరులో చదువుతోంది, రెండు వారాలకోసారి పోయొస్తుంటాం. ఈ కారులో నాకు బాగా నచ్చింది క్రూజ్ కంట్రోలే, యాక్సిలరేటర్ తొక్కకుండానే పెట్టిన వేగంలో కారు తానే పోతుంది. రెండు నెలల కిందట అది ఒకసారి పనిచేసి ఒకసారి మొరాయించడం మొదలైంది. ఇప్పుడు పూర్తిగా పోయింది. స్టీరింగ్ మీద మెయిన్ బటన్ నొక్కితే మీటర్‌లో క్రూజ్ బొమ్మ వెలుగుతుంది. ఎనభైలో పోతూ సెట్ నొక్కితే మాత్రం ఏమీ జరగదు. ఒక మెకానిక్ స్టీరింగ్ బటన్లు మొత్తం మార్చాలన్నాడు. ఇంకొకాయన ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) పోయింది, ముప్పై ఐదు వేలవుతుందన్నాడు. మూడో ఆయన "రెండు వైర్లు డైరెక్ట్ చేస్తే అదే పనిచేస్తుంది, ఐదొందలివ్వండి" అన్నాడు. ఎవరి మాట వినాలి? క్రూజ్ లేకుండా నేను నడిపితే కారు ఊగుతోందని, కడుపులో తిప్పుతోందని మా ఆవిడ గొడవ. నాకేమో కుడి మోకాలు నొప్పి. అసలు దీన్ని ఇలాగే వదిలేస్తే ఏమన్నా ప్రమాదమా? ఈమధ్య బ్యాటరీ కూడా రెండుసార్లు పొద్దున్నే డౌన్ అయింది. దానికి వయసైపోయినట్టుంది, మార్చేస్తాలెండి.

సమాధానం: ముగ్గురిలో ఎవరి మాటా ఇప్పుడే వినకండి. మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చింది మీరు చివర్లో మాటవరసకు రాసిన సంగతే, బ్యాటరీ రెండుసార్లు డౌన్ అవడం. కొత్త బ్యాటరీ కొనే ముందు ఈ రాత్రి ఒక పని చేయండి. ఇంజిన్ ఆపి, తాళం చెవి జేబులో వేసుకుని, డోర్లు లాక్ చేసి, కారు వెనక్కి పోయి నిలబడండి. బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయా చూడండి. వెలుగుతుంటే మీ క్రూజ్ రోగం, బ్యాటరీ రోగం రెండూ ఒకటే.

ఇన్నాళ్లూ నాకు కనపడలేదేమని అనుకుంటారు. పగటిపూట కారు పెట్టి ఇంట్లోకి పోతే ఎండలో ఆ ఎరుపు ఎవరి కంటా పడదు. పైగా ఇది రోజూ జరగదు. ఒక రోజు ఆరిపోతాయి, ఒక రోజు తెల్లారేదాకా వెలుగుతూనే ఉంటాయి. మీ క్రూజ్ కూడా మొదట్లో ఒకసారి పనిచేసి ఒకసారి మొరాయించిందన్నారు కదా, రెండూ సరిపోతున్నాయి.

ఎందుకో చెప్తా. మీ కారులో క్రూజ్‌కి విడిగా పెట్టె అంటూ ఏమీ లేదు. యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజిన్ దాకా పోయే కేబుల్ కూడా లేదు. పెడల్ దగ్గరున్న సెన్సర్ మీ కాలు ఎంత తొక్కిందో ఈసీయూకి చెబుతుంది, ఈసీయూ దాన్నిబట్టి డీజిల్ కొలిచి పంపుతుంది. సెట్ నొక్కారంటే, మీ కాలి బదులు ఆ లెక్క ఈసీయూ తానే చూసుకుంటుంది. అంటే క్రూజ్ అనేది దానిలో ఉన్న ఒక ప్రోగ్రామ్, అంతే. ఇంజిన్ శుభ్రంగా నడుస్తూ, పికప్ బాగుండి, మీటర్‌లో ఏ హెచ్చరిక లైటూ లేని కారులో క్రూజ్ ఒక్కదాని కోసం ఈసీయూ పోయిందనడం నేను నమ్మను. ముప్పై ఐదు వేల మాట అన్ని పరీక్షలూ అయ్యాక, ఆఖరున ఆలోచించాల్సింది.

1990ల నాటి కార్లలో అయితే వ్యవహారం వేరు. ఇంజిన్ వాక్యూమ్‌తో పనిచేసే ఒక డబ్బా, దాన్నుంచి థ్రాటిల్‌కి ఒక కేబుల్ ఉండేవి. అలాంటి కారున్నవాళ్లు ముందు బానెట్ ఎత్తి ఆ సన్నని రబ్బరు పైపులు చూసుకోవాలి. మన ఎండలకు అవి గట్టిపడి చీలిపోతాయి, వాక్యూమ్ లీకైతే క్రూజ్ పట్టుకోదు. మీకు ఆ బాధ లేదు.

మీ కారులో ఈసీయూ సెట్ ఒప్పుకోవాలంటే ముందు కొన్ని సంగతులు సరిచూసుకుంటుంది. వేగం చాలినంత ఉందా, చాలా కార్లలో గంటకు 40 కిలోమీటర్లకు పైన ఉండాలి. బ్రేక్ మీద కాలుందా. క్లచ్ మీద కాలుందా. చక్రాల వేగం చెప్పే సెన్సర్లు సరిగ్గా మాట్లాడుతున్నాయా. ఇంజిన్‌లోగానీ ఏబీఎస్‌లోగానీ (గట్టిగా బ్రేక్ కొట్టినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఏదైనా లోపం నమోదైందా. గవర్నమెంటు ఆఫీసులో ఫైలు లాగా, ఒక్క సంతకం తక్కువైనా కదలదు, ఎందుకు కదల్లేదో మీకు చెప్పదు కూడా. చెడిపోవడం వేరు, ఒప్పుకోకపోవడం వేరు. మీది రెండోది. కాబట్టి ఏ పార్టు మార్చాలా అని కాదు, వద్దంటున్నది ఎవరా అని వెతకాలి. మా షెడ్డుకి ఇదే ఫిర్యాదుతో వచ్చే పాత కార్లలో ఎక్కువ భాగం బ్రేక్ పెడల్ దగ్గరే తేలిపోతాయి.

పెడల్ దగ్గర ఏం చూడాలంటే, పగలే పెట్టుకోండి ఈ పని. డ్రైవర్ సీటు పూర్తిగా వెనక్కి జరపండి. మ్యాట్ తీసేయండి. ఫోన్‌లో టార్చ్ వేసి, డోర్ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తల స్టీరింగ్ కిందికి పెట్టండి. మీ మోకాలికి ఇబ్బందైతే ఇంట్లో కుర్రాడెవరైనా ఉంటే వాడికి చెప్పండి. బ్రేక్ పెడల్ రాడ్డు వెంట పైకి చూస్తూ పోతే, పై కొసకు దగ్గర్లో ఒక బ్రాకెట్, దానికి బిగించిన చిన్న స్విచ్, దాని వెనక వైర్ల కప్లర్ కనిపిస్తాయి. ఆ స్విచ్ మూతి నుంచి ఒక చిన్న ప్లాస్టిక్ పుల్ల బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. కాలు తీసినప్పుడు పెడల్ వెనక్కొచ్చి ఆ పుల్లను లోపలికి నొక్కిపెడుతుంది, లైట్లు ఆరతాయి. కాలు పెడితే పెడల్ ముందుకు పోతుంది, పుల్ల బయటికొస్తుంది, లైట్లు వెలుగుతాయి.

అసలు కిటుకు ఇక్కడుంది. చాలా కార్లలో ఆ పుల్ల తగిలే చోట పెడల్‌కి ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలో రూపాయి బిళ్ల కన్నా చిన్న ప్లాస్టిక్ బుడిపెనో రబ్బరు బుడిపెనో కూర్చోబెట్టి ఉంటారు. పుల్లను నొక్కేది ఆ బుడిపె. పదేళ్లు దాటాక, అందులోనూ మే నెల ఎండలో అద్దాలన్నీ మూసి నిలబెట్టిన కారులో ఉడికి ఉడికి, అది పెళుసెక్కి ముందు చీలుతుంది, తరవాత ముక్కలై రాలిపోతుంది. ఇక స్విచ్ పుల్ల సూటిగా ఆ రంధ్రంలోకి దూరిపోతుంది. పెడల్ దాన్ని నొక్కడం లేదు కాబట్టి, మీరు బ్రేక్ తొక్కి పట్టుకుని ఉన్నారనే స్విచ్ అనుకుంటుంది. లైట్లు వెలుగుతూనే ఉంటాయి, తాళం తీసినా సరే, ఎందుకంటే బ్రేక్ లైట్లకు కరెంటు తాళంతో సంబంధం లేకుండా వస్తుంది. బ్యాటరీ తెల్లారేసరికి డౌన్. ఈసీయూ సెట్ ఒప్పుకోదు. దాని తప్పేం లేదు, దానికి అందుతున్న కబురే అది.

మ్యాట్ తీసినప్పుడు కింద జాగ్రత్తగా చూడండి. నీలమో, ఆకుపచ్చో, తెలుపో చిన్న చిన్న పెంకుల్లాంటివి కనిపిస్తే ఆ బుడిపె ముక్కలే. వేళ్ల మధ్య పెట్టి నలిపితే పొడైపోతాయి. ఇదివరకే కనపడి, పిల్లలు తిన్న చిప్స్ అనుకుని ఊడ్చేసి ఉంటారు, అందరూ అదే చేస్తారు.

ఖాయం చేసుకోవడానికి పానాలు, మీటర్లు ఏమీ అక్కర్లేదు. కారు ఆపి, ఒకరిని వెనక నిలబెట్టి, మీరు వేలితో ఆ స్విచ్ పుల్లను లోపలికి నొక్కండి. లైట్లు ఆరిపోయాయంటే స్విచ్ బాగుంది, బుడిపె పోయింది. నొక్కినా ఆరకపోతే స్విచ్చే పోయింది. ఇంకా చీలే దశలో ఉంటే, కాలి బొటనవేలు పెడల్ కింద పెట్టి పైకి లేపి చూడండి, అప్పుడు ఆరి, వదిలితే వెలుగుతాయి.

బుడిపె ఖరీదు పదుల్లో ఉంటుంది, మహా అయితే వందల్లో. స్పేర్ పార్ట్స్ షాపులో "బ్రేక్ పెడల్ స్టాపర్" అనండి, కారు మోడల్, సంవత్సరం చెప్పండి. అర్థం కాకపోతే పాత ముక్కలు, పెడల్ రంధ్రం ఫొటో చూపించండి. ఒకటి కాదు, రెండు కొనండి. మీది మాన్యువల్ కాబట్టి క్లచ్ పెడల్‌కి కూడా ఇలాంటిదే ఉంటుంది, దాని వయసూ అంతే. రంధ్రంలో పెట్టి నొక్కితే కూర్చుంటుంది, చేతికి అందకపోతే కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా నొక్కాలి. దొరికేదాకా ఆ రంధ్రానికి వాషర్ వేసి ఒక పొట్టి బోల్టు, నట్టు గట్టిగా బిగించి నడిపేవాళ్లున్నారు, నాలుగు రోజులకు ఫరవాలేదు. గమ్ముతో రూపాయి బిళ్ల అతికించడం మాత్రం వద్దు. ఎండకు గమ్ము కరిగి అది ఎప్పుడు ఊడిపోతుందో తెలియదు, మళ్లీ మొదటికొస్తారు.

ఎవరైనా బుడిపె తేకుండా స్విచ్‌నే ముందుకు తిప్పి సర్దేస్తానంటే అదీ వద్దనండి. స్విచ్ ఒంటితో పెడల్‌ను నొక్కేలా బిగిస్తే బ్రేకులు పూర్తిగా వదలవు, చక్రాలు వేడెక్కుతాయి, మైలేజీ పడిపోతుంది. క్రూజ్ వచ్చిందన్న సంతోషంలో ఆ సంగతి నెల దాకా తెలియదు.

"ఇలాగే వదిలేస్తే ప్రమాదమా" అని అడిగారు. క్రూజ్ లేకపోవడం ప్రమాదం కాదు. అది లేకుండానే కోట్ల కార్లు తిరుగుతున్నాయి. బ్రేక్ లైట్లు ఎప్పుడూ వెలుగుతూ ఉండటం మాత్రం పెద్ద ప్రమాదం. మరూరు టోల్ దాటాక మీ వెనక నలభై టన్నుల లారీ వస్తోందనుకోండి. మీ లైట్లు ఎరుపుగానే ఉన్నాయి, మీరు వేగంగానే పోతున్నారు. రెండు నిమిషాలకు ఆ డ్రైవర్ వాటిని పట్టించుకోవడం మానేస్తాడు. తరవాత డివైడర్ సందులోంచి గేదె వచ్చి మీరు నిజంగా బ్రేక్ కొడితే ఆయనకు తెలిసే దారి లేదు. కాబట్టి లైట్లు వెలుగుతున్నాయని తేలితే, బుడిపె పడేదాకా బెంగళూరు ప్రయాణం వాయిదా వేసుకోండి, పాపను బస్సెక్కి రమ్మనండి.

ఇప్పుడు ఆ ఐదొందల ఆయన సంగతి. నాకు ముప్పై ఐదు వేల సలహా కన్నా ఈ ఐదొందల సలహాతోనే ఎక్కువ భయం. ఆయన డైరెక్ట్ చేస్తానంటున్న వైర్లు ఇవే. బ్రేక్ స్విచ్ లోపల సాధారణంగా రెండు కాంటాక్టులుంటాయి. ఒకటి కాలు పెట్టగానే కలిసి లైట్లు వెలిగిస్తుంది. రెండోది కాలు పెట్టగానే విడిపోయి క్రూజ్‌ను వదిలేయమని చెబుతుంది. రెండోదాన్ని వైరుతో శాశ్వతంగా కలిపేస్తే, కాలు ఎప్పుడూ బ్రేక్ మీద లేదని ఈసీయూకి అబద్ధం చెప్పినట్టే. రెండూ పోల్చి చూసుకునే ఈసీయూ అయితే అబద్ధం పట్టేసి క్రూజ్ మానేస్తుంది, ఐదొందలు పోయాయి. పట్టుకోలేని కారైతే ఇంకా కష్టం. తొంభైలో పోతూ బ్రేక్ తొక్కుతారు, ఇంజిన్ ఇటు లాగుతూనే ఉంటుంది. క్లచ్ స్విచ్ డైరెక్ట్ చేస్తే, గేరు మార్చడానికి క్లచ్ తొక్కగానే బరువు పోయిన ఇంజిన్ గొంతెత్తి అరుస్తుంది. ఆయనకు నమస్కారం పెట్టి వచ్చేయండి.

సరే, రాత్రి చూస్తే లైట్లు ఆరే ఉన్నాయి, తొక్కితే వెలుగుతున్నాయి, బుడిపె గట్టిగా ఉంది అనుకుందాం. అప్పుడూ బ్రేక్ స్విచ్‌ను వదిలిపెట్టకండి. "లైట్లు వెలుగుతున్నాయి కదా, స్విచ్ బాగున్నట్టే" అని చాలామంది మెకానిక్కులే అంటారు. అది సగం నిజం. లైట్ల కాంటాక్టు బాగుండి రెండో కాంటాక్టు అరిగిపోయి ఉండొచ్చు. ఇక్కడ స్కానర్ కావాలి, అంటే కారుకి తగిలించి ఈసీయూ రాసుకున్న లోపాల నంబర్లు (కోడ్లు) చదివే పరికరం. స్కానర్ పెట్టి "కోడ్లేమీ లేవు సార్" అనగానే లేచి రావద్దు. లైవ్ డేటా (ఈసీయూకి అప్పటికప్పుడు అందుతున్న కబురు) తెరిచి, బ్రేక్ స్విచ్, క్లచ్ స్విచ్, సెట్ బటన్, వాహన వేగం, ఈ నాలుగూ చూపించమనండి. మీరు పెడల్ తొక్కుతుంటే, వదులుతుంటే తెర మీద ఆన్, ఆఫ్ మారాలి. కోడ్ లేకపోవడం ఎందుకు చాలదంటే, బుడిపె రాలిపోయినప్పుడు రెండు కాంటాక్టులూ ఒకే మాట మీద ఉంటాయి, రెండూ "తొక్కి ఉంది" అనే చెబుతాయి. తగాదా లేదు కాబట్టి ఈసీయూ కోడ్ రాసుకోకపోవచ్చు. రెంటిలో ఒకటి పోయి మాటలు కలవనప్పుడు పి 0504 వస్తుంది. పి 0571 కూడా బ్రేక్ స్విచ్ వైపే చూపిస్తుంది. పి 0704 క్లచ్ స్విచ్. పి 0564 అయితే స్టీరింగ్ బటన్ల వైపు వెళ్లాలి. పి 0500 అంటే వేగం కబురు అందడం లేదు. ఈ కాగితం జేబులో పెట్టుకుపోండి. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ పరికరాలు ఇంజిన్ లెక్కలు చూపిస్తాయిగానీ, వాటిలో చాలావాటికి ఈ స్విచ్చులు కనిపించవు, దానికోసం కొనకండి. కొన్ని కార్లలో క్రూజ్ చివరిసారి ఎందుకు వదిలిందో కూడా ఈసీయూ గుర్తుపెట్టుకుంటుంది, మంచి స్కానర్ ఉన్నచోట అడిగి చూడండి.

ఇంకో మాట, మీకు అమ్మినాయన గానీ మీరు గానీ వెనక లైట్లకు ఎల్ఈడీ బల్బులు వేయించారా? కొన్ని కార్లలో క్రూజ్ సర్క్యూట్ మామూలు బల్బు ఫిలమెంటు గుండా ఎర్త్ ఉందో లేదో చూసుకుంటుంది. ఎల్ఈడీ వేస్తే ఆ లెక్క తప్పుతుంది. మామూలు బల్బులు కాలిపోయినా అంతే. రెండు పక్కలా, వెనక అద్దం దగ్గరి మూడో లైటూ వెలగాలి.

క్లచ్ సంగతికొస్తే, పెడల్ పూర్తిగా పైకి వస్తోందా చూడండి. హైడ్రాలిక్ క్లచ్ లీకుంటే పెడల్ కొంచెం కిందే ఆగిపోతుంది, కాలు తీసినా స్విచ్‌కి తీసినట్టు తెలియదు. కొన్ని కార్లలో క్లచ్‌కి కింద కూడా ఒక స్విచ్ ఉంటుంది, అది స్టార్టింగ్ కోసం. దాని బుడిపె పోతే క్లచ్ ఎంత తొక్కినా కారు స్టార్ట్ కాదు. ఏదో ఒకనాడు ఏ హోటల్ ముందో అలా నిలబడిపోతే గుర్తుకు తెచ్చుకోండి.

స్టీరింగ్ బటన్లు మార్చమన్న మొదటాయన మాట మరీ తీసిపారేయాల్సింది కాదుగానీ తొందరపాటు. మెయిన్ బటన్ నొక్కితే బొమ్మ వెలుగుతోందంటే ఫ్యూజు ఉంది, వైరు ఉంది, స్టీరింగ్ లోపల చుట్టగా ఉండే క్లాక్ స్ప్రింగ్ కూడా కబురు మోస్తోంది. చాలా కార్లలో ఈ బటన్లన్నీ ఒకే వైరు మీద ఉంటాయి, ఒక్కో బటన్‌కి ఒక్కో రెసిస్టెన్స్, ఈసీయూ దాన్నిబట్టి ఏది నొక్కారో పోల్చుకుంటుంది. కాబట్టి పోతే సెట్ బటన్ కాంటాక్టు ఒక్కటి పోయి ఉండాలి, లైవ్ డేటాలో నిమిషంలో తేలుతుంది. క్లాక్ స్ప్రింగ్ తెగితే హారన్ మోగదు, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది, ఆడియో బటన్లు పనిచేయవు. అలాంటివేమీ మీరు రాయలేదు. ఒకవేళ స్టీరింగ్ విప్పాల్సి వస్తే ఇంట్లో మాత్రం విప్పకండి. అందులో ఉన్నది ఎయిర్‌బ్యాగ్. తెలిసినవాళ్లు బ్యాటరీ నెగటివ్ తీసి, కాసేపు ఆగి, అప్పుడే చేయి పెడతారు. ఆగకుండా స్క్రూడ్రైవర్ పట్టుకునేవాడికి కారు ఇవ్వొద్దు.

మిగిలింది చక్రాల సెన్సర్లు. ఏబీఎస్ లైటు వెలుగుతుంటేనే అటు వెళ్లండి. అక్కడ బురద, ఇనుప రజను పేరుకోవడం మామూలే. వీల్ బేరింగ్ ఈమధ్య మార్చి ఉంటే అది తిరగేసి బిగించారేమో అడగండి, కొన్ని బేరింగుల్లో ఒక పక్కనే అయస్కాంతపు రింగ్ ఉంటుంది, తిప్పి బిగిస్తే సెన్సర్‌కి ఏమీ కనపడదు. మన జిల్లాకు ప్రత్యేకమైన కారణం ఇంకొకటుంది. ఊరి నుంచి శెనక్కాయల మూట డిక్కీలో వేసుకొచ్చి రెండు రోజులు అలాగే ఉంచుతాం. వాసనకు ఎలుకలు చేరతాయి. కాయలు అయిపోయాక వైర్లు మొదలుపెడతాయి. బానెట్ కింద బ్యాటరీ పక్కన శెనక్కాయ పొట్టు కనపడిందంటే, ముందు వైరింగ్ మొత్తం టార్చ్ వేసి చూడండి.

బాగైన తరవాత పరీక్ష సరిగ్గా చేయండి, టవర్ క్లాక్ ట్రాఫిక్‌లో కాదు. ఆదివారం తెల్లవారుజామున హైవే ఎక్కి, ముందూ వెనకా ఖాళీగా ఉన్నప్పుడు అరవైలో సెట్ చేయండి. పట్టుకోగానే బ్రేక్ పెడల్‌ను ఊరికే తాకండి, కారు వేగం తగ్గక్కర్లేదు, లైట్లు వెలిగేంత తాకితే చాలు, క్రూజ్ వదిలేయాలి. మళ్లీ సెట్ చేసి క్లచ్ తాకండి, వదిలేయాలి, ఇంజిన్ గొంతు పెరగకూడదు. మళ్లీ సెట్ చేసి క్యాన్సిల్ బటన్ నొక్కండి. మూడింటిలో ఏ ఒక్కటికి వదలకపోయినా ఆ రోజు నుంచి మెయిన్ బటన్ ముట్టుకోవద్దు, మళ్లీ షెడ్డుకే.

వాడే చోటు కూడా చూసుకోవాలి. నాలుగు వరసల హైవే మీద కార్లకు కేంద్రం 2018లో పెట్టిన గరిష్ఠ పరిమితి గంటకు 100. పక్కన బోర్డు మీద అంతకన్నా తక్కువుంటే బోర్డు మాటే వినాలి. 44వ నంబర్ హైవే మీద రాప్తాడు దాటాక పొద్దున పూట క్రూజ్ హాయిగా ఉంటుంది, కాదనను. పెనుకొండ వైపు ఎత్తుపల్లాల్లో మాత్రం కాలు సిద్ధంగా ఉంచుకోండి. మీ కారులో ఉన్నలాంటి పాత క్రూజ్ డీజిల్ తగ్గించగలదేగానీ బ్రేక్ వేయలేదు. దిగుడులో బరువుకు కారు తానే వేగం పెంచుకుంటుంది. వాన పడుతుంటే వాడొద్దు. ఎప్పుడైనా కడప మీదుగా రాయచోటి పోతే, గువ్వలచెరువు ఘాట్‌లో క్రూజ్ బటన్ జోలికే పోవద్దు. ఊరు దగ్గరయ్యాక ఎదురు రూట్‌లో వచ్చే బైకులు, ట్రాక్టర్లు మనకు తెలియనివి కావు.

మీ ఆవిడ ఫిర్యాదు విన్నాక ఒకటి గుర్తొచ్చింది. ఈ క్రూజ్ కంట్రోల్ పుట్టిందే అలాంటి ఫిర్యాదు నుంచి. దీన్ని కనిపెట్టిన అమెరికా ఇంజినీరు రాల్ఫ్ టీటర్‌కి ఐదేళ్ల వయసులోనే చూపు పోయింది. ఆయన తరఫు లాయరు కారు నడుపుతూ, తాను మాట్లాడేటప్పుడు స్లో చేసి, వినేటప్పుడు స్పీడ్ పెంచేవాడట. పక్కన కూర్చున్న టీటర్ ఆ ఊపుకు విసిగిపోయి దీని మీద పని మొదలుపెట్టాడని చెబుతారు. 1950లో పేటెంట్ వచ్చింది, 1958లో క్రైస్లర్ కార్లలో అమ్మకానికొచ్చింది. ఇంతకీ మీరు నడుపుతూ మాట్లాడుతుంటారా? క్రూజ్ వచ్చేదాకా ఒక పని చేయండి, స్పీడోమీటర్ చూస్తూ సర్దుకోకుండా దూరంగా ముందున్న బండిని చూస్తూ నడపండి. మడమ నేలకు ఆనించి, పెడల్‌ను వేళ్లతో మాత్రమే తొక్కితే ఊపు సగం తగ్గుతుంది.

మోకాలికి డాక్టర్ని చూపించుకోండి, అది నా పని కాదు. సీటు మాత్రం చూసుకోండి. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు కూడా ఎడమ మోకాలు కొంచెం వంగి ఉండేంత దగ్గరగా జరుపుకోండి. దూరంగా కూర్చుంటే ప్రతిసారీ కాలు చాపాల్సి వస్తుంది, కుడి కాలు గంటలకొద్దీ గాలిలో వేలాడుతుంది. బ్యాటరీ కొనడం కూడా ప్రస్తుతానికి ఆపండి. బుడిపె వేయించాక ఫుల్ చార్జింగ్ పెట్టించి, బ్యాటరీ షాపులో లోడ్ టెస్ట్ చేయించండి. రెండుసార్లు అడుగంటింది కాబట్టి కొంత దెబ్బ తినే ఉంటుంది, టెస్ట్‌లో నిలబడకపోతే అప్పుడు మారుద్దురు.